మొక్క నాటడం ఆఖరి పని: సముద్ర సంరక్షణలో పీజీ గురించి

విశాఖ పక్కన పెందుర్తి నుంచి బీఎస్సీ జువాలజీ ఆఖరి సంవత్సరం చదువుతున్న అమ్మాయి అడిగిన ప్రశ్న: "సముద్ర సంరక్షణ, దెబ్బతిన్న తీర ఆవాసాల పునరుద్ధరణలో పీజీ చేయాలని ఉంది సార్. ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ)లో చేయాలా, బయటికి వెళ్లాలా? స్కూబా తప్పనిసరా? ఇంట్లో బీఈడీ చెయ్యి, టీచర్ ఉద్యోగం వస్తుంది అంటున్నారు. ఈ లైన్‌లో నిజంగా ఉద్యోగాలు ఉన్నాయా?"

చాలాకాలంగా తూర్పు తీరంలో మడ అడవుల మీద, తీర సర్వేల మీద పనిచేస్తున్నాను. పీజీ పిల్లల ప్రాజెక్టులూ చూస్తుంటాను. మీరు అడిగిన వరసలో కాకుండా, నాకు ముఖ్యం అనిపించిన వరసలో చెబుతాను.

మన దేశంలో పీజీ పట్టా మీద "పునరుద్ధరణ" అనే పేరు దాదాపు కనిపించదు. మెరైన్ బయాలజీ, ఓషనోగ్రఫీ, ఫిషరీస్, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్, వైల్డ్‌లైఫ్ అనే పేర్లలో ఏదో ఒకటి ఉంటుంది. కాబట్టి కోర్సు పేరు పట్టుకుని వెతకొద్దు. ఒక చోట జీవం ఎందుకు పోయిందో కనిపెట్టడం ఆ చదువులో నేర్పుతారా లేదా అన్నది చూడండి. కారణం తెలిసి దాన్ని తొలగిస్తే మిగతా పని చాలావరకు నీళ్లే చేసుకుంటాయి. కారణాన్ని అలాగే ఉంచి ఎన్ని మొక్కలు నాటినా మిగిలేది బ్యానర్ ముందు దిగిన ఫొటో.

మడ అడవుల సంగతే చూడండి. ఫిలిప్పీన్స్‌లో దశాబ్దాల పాటు కోట్లు ఖర్చుపెట్టి రైజోఫోరా అనే మడ జాతి మొక్కలు నాటారు. చాలాచోట్ల బతికినవి 10 నుంచి 20 శాతం మాత్రమే. మొక్కల్లో లోపం లేదు, నాటిన చోటే తప్పు. మడ చెట్లు సహజంగా పెరిగేది సగటు సముద్రమట్టానికి పైన, పెద్ద పోటు అందుకునే అంచుకు లోపల ఉండే సన్నటి మేరలో. ఆ మేరంతా అప్పటికే చేపల చెరువులు అయిపోయింది. భూమి తగాదా లేని జాగా కావాలి కాబట్టి ఇంకా కిందికి దిగి, రోజులో ఎక్కువసేపు మునిగి ఉండే బురదనేలల్లో, సముద్రపు గడ్డి పెరిగే చోట్ల నాటారు. మొక్కా పోయింది, గడ్డీ పోయింది. మన దగ్గర కూడా ఎవరిదీ కాని జాగా దొరికిందని అక్కడ నాటే ఉత్సాహం తక్కువేమీ లేదు. 2023 బడ్జెట్‌లో ప్రకటించిన మిష్టీ పథకం ఐదేళ్లలో 540 చదరపు కిలోమీటర్ల మడ అడవుల గురించి మాట్లాడుతోంది. ఎక్కడ నాటకూడదో చెప్పగలిగిన మనిషి అవసరం ఇప్పుడే ఎక్కువ.

దీనికి ఎదురు ఉదాహరణ మన తూర్పు తీరంలోనే ఉంది. తమిళనాడులోని పిచ్చావరంలో ఒకప్పుడు మడను కూపుల వారీగా, అంటే ఒక్కో ముక్కను పూర్తిగా నరికేవారు. చెట్టు పోయిన నేల ఎండకు ఆరి కుంగి, మధ్యలో పళ్లెంలా గుంట పడింది. పోటు నీళ్లు వచ్చి గుంటలో నిలబడిపోయేవి, తిరిగి వెళ్లే దారి లేదు. ఎండకు ఆవిరై ఉప్పు పేరుకునేది. అలాంటి నేలలో విత్తనం పడ్డా మొలవదు. ఎం.ఎస్. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్లు అటవీశాఖతో, ఊళ్లవాళ్లతో కలిసి చేపముల్లు ఆకారంలో కాలవలు తవ్వించారు. నీళ్లు రావడం, పోవడం మొదలైంది, ఉప్పు తగ్గింది, ఆ తర్వాతే మొక్కలు. అదే పద్ధతిని కృష్ణా, గోదావరి మడ అడవుల్లోనూ వాడారు. ఇప్పటికీ ఆ కాలవల్లో పూడిక తీయకపోతే మళ్లీ మొదటికే వస్తుంది. అందుకే ఏ ప్రాజెక్టు గురించి విన్నా "ఐదేళ్ల తర్వాత పూడిక ఎవరు తీస్తారు" అని అడగడం అలవాటు చేసుకోండి. సమాధానం లేకపోతే ఆ ప్రాజెక్టు అసలు ఉద్దేశం ఏమిటో అర్థమైపోతుంది.

ఇక్కడ జువాలజీ ఎంత ఉంది? చాలా తక్కువ. నేల ఎత్తు కొలవడం, నీటి ప్రవాహం, లవణీయత, ఒండ్రు, ఊరివాళ్లతో మాట. బీఎస్సీ జువాలజీ నుంచి వచ్చేవాళ్లు తడబడేది ఇక్కడే. జాతుల పేర్లు గడగడా చెబుతారు, లెవెలింగ్ పరికరం ముందు నిలబెడితే బిక్కమొహం వేస్తారు.

అమెరికాలోని వర్జీనియా తీరం గురించి కూడా తెలుసుకోండి. అక్కడి తీర లగూన్లలో 1930ల్లో ఒక తెగులు, దాని వెనకే 1933లో ఒక హరికేన్ వచ్చి సముద్రపు గడ్డి మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. దశాబ్దాల తర్వాత పరిశోధకులు 7 కోట్లకు పైగా విత్తనాలు చల్లారు. చల్లింది సుమారు 200 హెక్టార్లలో, గడ్డి తనంతట తాను పాకింది 3,600 హెక్టార్లకు. ప్రపంచంలో సముద్రపు గడ్డి పునరుద్ధరణలో ఇంత పెద్ద విజయం అరుదు. కారణం సులభం: నీళ్లు అప్పటికే శుభ్రంగా ఉన్నాయి, గడ్డిని చంపిన తెగులు ఎప్పుడో పోయింది, లేనిది విత్తనం ఒక్కటే. ఆ ఫలితాన్ని చూసి మురికినీళ్లు కలిసే బేలో విత్తనాలు చల్లితే డబ్బు నీళ్లపాలు.

ఇప్పుడు విశాఖ సంగతి. మీరు పుట్టి పెరిగిన ఊరే కాబట్టి దీని విలువ మీకు తట్టకపోవచ్చు. ఇప్పుడు లోపలి హార్బరు ఉన్న జాగా ఒకప్పుడు పోటు నీళ్లు తిరిగే చిత్తడి నేల. అక్కడ తవ్వి కట్టిన పోర్టు 1933లో మొదలైంది. 1970ల్లో ఔటర్ హార్బరు వచ్చింది. మన తీరంలో ఏడాది మొత్తం మీద ఇసుక నడిచేది నైరుతి నుంచి ఈశాన్యానికి. హార్బరు గోడలు దానికి అడ్డం పడ్డాయి. అందుకే పోర్టు వాళ్లు డ్రెడ్జర్‌తో ఇసుక తీసి ఆర్కే బీచ్ వైపు పోస్తుంటారు. పోసిన ఇసుక నిలవదు, మళ్లీ పోయాలి. కురుసుర సబ్‌మెరైన్ దగ్గర బీచ్ ఒక ఏడాది వెడల్పుగా, మరో ఏడాది రోడ్డు గోడ దాకా కోసుకుపోయి కనిపించడం వెనక ఉన్నది ఈ లెక్కే. ఇసుక లేకపోతే తాబేలు గూడు లేదు, ఒడ్డు నుంచి అలివి వల లాగేవాళ్లకు చోటూ లేదు. ఒక ఆవాసం ఎలా దెబ్బతింటుందో, దాన్ని నిలబెట్టడానికి ఏటా ఎంత ఖర్చవుతుందో చూడాలంటే ఇంతకంటే దగ్గరి పాఠం దొరకదు.

ఇదే హార్బరులో 1967లో ఒక కొత్త రకం ఆల్చిప్ప కనిపించింది. మధ్య అమెరికా వైపు నీళ్లకు చెందిన మైటిలాప్సిస్ సల్లై. ఓడలతో వచ్చి పడిందని అనుకుంటున్నారు. మన దేశంలో దాని గురించి మొదట రాసింది ఆంధ్రా యూనివర్సిటీ జువాలజీ విభాగంలో ప్రొఫెసర్ పి.ఎన్. గణపతి బృందం. ఇప్పుడు అది కేరళ బ్యాక్‌వాటర్ల దాకా చేరి అక్కడి మత్స్యకారులకు తలనొప్పిగా మారింది. ఇంకా వెనక్కి వెళితే, 1950ల్లో అమెరికన్ శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఏయూకు వచ్చి, ఎండాకాలం మొదట్లో విశాఖ తీరంలో లోతు నీళ్లు పైకి ఉబికి రావడం మీద పనిచేశారు. పోషకాలు పైకి వస్తాయి, దాని వెనకే చేపలు. పేరున్న విదేశీ యూనివర్సిటీల బ్రోచర్లు చూసి మన ఊరు వెనకబడిందని అనుకునేవాళ్లకు ఈ రెండు సంగతులు చెబుతుంటాను.

అంటే ఏయూలోనే చేయమంటున్నానా? మొదటి ఎంపికగా, అవును. మెరైన్ లివింగ్ రిసోర్సెస్, జువాలజీ, మెటియరాలజీ అండ్ ఓషనోగ్రఫీ, జియాలజీ విభాగాలు ఒకే క్యాంపస్‌లో ఉన్నాయి. బయటికొస్తే లాసన్స్ బేలో జాతీయ సముద్ర అధ్యయన సంస్థ (ఎన్ఐఓ) ప్రాంతీయ కేంద్రం. పాండురంగాపురం వైపు సముద్ర మత్స్య పరిశోధన సంస్థ సీఎంఎఫ్ఆర్ఐ, వలలు, చేపల ప్రాసెసింగ్ మీద పనిచేసే సీఐఎఫ్‌టీ కేంద్రాలు. ఫిషింగ్ హార్బరు దగ్గర ఫిషరీ సర్వే ఆఫ్ ఇండియా. ఇన్ని సంస్థలు ఒక ఆటో దూరంలో ఉన్న ఊళ్లు దేశంలో తక్కువ. అయితే ల్యాబుల పరిస్థితి, ఫీల్డ్ ట్రిప్పులకు దొరికే డబ్బు ఏ యూనివర్సిటీలోనైనా ఏడాదికో రకంగా ఉంటాయి. చేరేముందు ఇప్పుడు రెండో సంవత్సరంలో ఉన్నవాళ్లను కలిసి "కిందటేడు ఎన్నిసార్లు ఫీల్డ్‌కి తీసుకెళ్లారు?" అని అడగండి. వెబ్‌సైట్ చెప్పనిది వాళ్లు ఒక్క నిమిషంలో చెబుతారు. ప్రవేశం ఏపీ పీజీసెట్ ద్వారా. నెల్లూరు విక్రమ సింహపురిలో మెరైన్ బయాలజీకి కూడా అదే పరీక్ష.

బయటి రాష్ట్రాల్లో నేను ముందు చెప్పే పేరు పరంగిపేట్టై. అన్నామలై యూనివర్సిటీ మెరైన్ బయాలజీ కేంద్రం అక్కడ వెల్లార్ నది ముఖద్వారం ఒడ్డునే ఉంది, పక్కనే పిచ్చావరం. హాస్టల్ నుంచి నడిచి బురదలోకి దిగొచ్చు. పగడపు దిబ్బల మీద మనసుంటే పాండిచ్చేరి యూనివర్సిటీ వాళ్లు అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పటి పేరు శ్రీ విజయపురం) నడిపే మెరైన్ బయాలజీ పీజీ ఉంది, దానికి సీయూఈటీ పీజీ ప్రవేశపరీక్ష రాయాలి. కొచ్చిలో కుసాట్ యూనివర్సిటీ, మనకు దగ్గరలో బరంపురం యూనివర్సిటీ మెరైన్ సైన్సెస్ విభాగం కూడా చూడండి. బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో వైల్డ్‌లైఫ్ బయాలజీ పీజీ చాలా గట్టి కోర్సు, కానీ సీట్లు తక్కువ, ఏటా అడ్మిషన్లు ఉండవు. ముంబైలోని సీఐఎఫ్ఈ (కేంద్ర మత్స్య విద్యా సంస్థ) లాంటి చోట్ల ఎంఎఫ్ఎస్సీకి (మత్స్యశాస్త్రంలో పీజీ) ఎక్కువ విభాగాల్లో బీఎఫ్ఎస్సీ (మత్స్యశాస్త్రంలో డిగ్రీ) అడుగుతారు. మీ డిగ్రీతో కుదురుతుందా అన్నది నోటిఫికేషన్‌లో చూసుకున్నాకే ఫీజు కట్టండి.

విదేశాల గురించి క్లుప్తంగా. బ్రిటన్‌లో ప్లిమత్ లాంటి చోట్ల మెరైన్ కన్జర్వేషన్ పేరుతోనే ఏడాది మాస్టర్స్ ఉంది. యూరప్‌లో యూరోపియన్ యూనియన్ ఎరాస్మస్ ముండస్ పథకం కింద మెరైన్ బయాలజికల్ రిసోర్సెస్ జాయింట్ మాస్టర్స్, ఆస్ట్రేలియాలో జేమ్స్ కుక్ యూనివర్సిటీ. ఎరాస్మస్ స్కాలర్‌షిప్ వస్తే కళ్లు మూసుకుని వెళ్లండి. పొలం తాకట్టు పెట్టి, అప్పు చేసి ఏడాది కోర్సుకు వెళ్లడాన్ని మాత్రం నేను సమర్థించను, ఈ రంగంలో జీతాలు ఆ అప్పు తీర్చేటంత వేగంగా పెరగవు. ఇంకో సంగతి: బ్రిటన్, యూరప్ వైపు పునరుద్ధరణ అంటే చల్లనీళ్ల ఆల్చిప్పల గుట్టలు, కెల్ప్ అనే పెద్ద సముద్రపు నాచు, సముద్రపు గడ్డి. స్కాట్లాండ్‌లోని డార్నాక్ ఫిర్త్‌లో హెరియట్ వాట్ యూనివర్సిటీ వాళ్లు నూరేళ్ల క్రితం మాయమైన ఆల్చిప్పలను తిరిగి పెంచుతున్న తీరు చదవాల్సిందే. కానీ గోదావరి డెల్టాలో మడ, రొయ్యల చెరువులు, భూమి పట్టాల గొడవలు ఆ సిలబస్‌లో ఉండవు.

స్కూబా తప్పనిసరి కాదు. ఈ ప్రశ్న ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు అడుగుతారు, ఇన్‌స్టాగ్రామ్ పుణ్యం. అండమాన్‌లోనో మన్నార్ సింధుశాఖలోనో పగడాల మీద పనిచేయాలనుకుంటే కావాలి. మడ, బీచ్, రాతి తీరం, తాబేళ్లు, చేపల మార్కెట్ సర్వేలకు అక్కర్లేదు. విశాఖలో ఏడాదిలో చాలా నెలలు నీటి అడుగున చూపు ఆనదు. ఈత మాత్రం రావాలి. రాకపోతే ఈ వేసవిలోనే నేర్చుకోండి.

స్కూబాకు పెట్టే డబ్బు, సమయం గణాంకాల మీద పెట్టండి. గణాంకాలకు ఆర్ సాఫ్ట్‌వేర్, మ్యాపులకు క్యూజీఐఎస్, రెండూ ఉచితం. సెంటినెల్ 2 ఉపగ్రహ చిత్రాలు 10 మీటర్ల స్పష్టతతో, ల్యాండ్‌శాట్ చిత్రాలు 1970ల నుంచీ ఉచితంగా దొరుకుతాయి. కోరింగ అభయారణ్యం 1978లో ఏర్పడింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా దాని అంచు ఎక్కడ ముందుకొచ్చిందో, ఎక్కడ కోసుకుపోయిందో ఇంట్లో కూర్చుని గీయవచ్చు. కానీ గీసి ఊరుకోవద్దు, కాకినాడ బస్సెక్కి వెళ్లి మీ మ్యాపులో పచ్చగా కనిపించినది నిజంగా మడేనా అని చూసి రావాలి. సరుగుడు తోటను మడగా లెక్కేసిన మ్యాపులు నా టేబుల్ మీదికి వస్తూనే ఉంటాయి.

చట్టం కూడా చదవాలి, ఎవరూ సరిగ్గా నేర్పరు. తీరంలో నిర్మాణాలను నియంత్రించే 2019 సీఆర్‌జెడ్ నోటిఫికేషన్, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1994 నాటి మన రాష్ట్ర సముద్ర మత్స్య నియంత్రణ చట్టం. ఈ మూడూ తెలుగులో ఎవరికైనా వివరించగలిగేలా చదవండి. ప్రాజెక్టు మొదలయ్యాక కూడా ఇవి అడ్డొస్తాయి: సముద్ర తాబేలు వన్యప్రాణి చట్టంలో ఎక్కువ రక్షణ ఉన్న షెడ్యూల్ 1 జీవి, అనుమతి లేకుండా దాని గుడ్డు ముట్టుకోవడం నేరం. అభయారణ్యంలో శాంపిల్ తీయాలంటే అటవీశాఖ అనుమతి రావడానికి నెలలు పడుతుంది. నాలుగో సెమిస్టర్‌లో దరఖాస్తు పెడితే డిగ్రీ అయిపోయాక ఉత్తరం వస్తుంది.

తాబేళ్ల మాట వచ్చింది కాబట్టి. జనవరి నుంచి మార్చి, ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లీలు మన బీచ్‌లకు వచ్చి గుడ్లు పెడతాయి. అటవీశాఖ, స్వచ్ఛంద సంస్థలు గుడ్లను హ్యాచరీకి మార్చి పిల్లలను సముద్రంలో వదులుతారు. ఆ రోజు జనం బాగా వస్తారు. మంచిదే. కానీ అదే నెలల్లో ఒడ్డుకు కొట్టుకొచ్చే పెద్ద తాబేళ్ల కళేబరాల దగ్గరికి ఎవరూ రారు. చాలావాటి చావుకు కారణంగా చెప్పేది మరబోట్లు లాగే ట్రాల్ వల: అందులో చిక్కితే ఊపిరికి పైకి రాలేక చనిపోతుంది. వలలోంచి తాబేలు బయటపడే పరికరాన్ని సీఐఎఫ్‌టీ ఎప్పుడో తయారు చేసింది. దాన్ని సరిగ్గా వాడడం లేదనే కారణంతో 2019లో మన సముద్రపు రొయ్యల దిగుమతిని అమెరికా ఆపేసింది, చెరువు రొయ్యలకు ఆ ఇబ్బంది లేదు. మరబోటు వాళ్లను అడిగితే "ఆ తలుపులోంచి చేప కూడా పోతది సార్, డీజిల్ ఖర్చు ఎవడిస్తాడు" అంటారు. అది కొట్టిపారేసే మాట కాదు. ఎంత చేప పోతోంది, ఏ సైజు పోతోంది, ఆ నష్టం ఎవరు భరించాలి అని లెక్కతో చెప్పగలిగితే అది నిజమైన పీజీ ప్రాజెక్టు. హ్యాచరీలోనూ మంచి ప్రశ్న ఉంది. ఇసుక వేడిని బట్టి పిల్ల ఆడో మగో తేలుతుంది, వేడి ఎక్కువైతే ఆడవే. హ్యాచరీ ఇసుకకూ సహజమైన గూడు ఇసుకకూ వేడిలో తేడా ఎంత? అనుమతి దొరికితే, వేడిని నమోదు చేసే ఒక టెంపరేచర్ లాగర్, ఓపిక ఉంటే చాలు.

మత్స్యకారులతో మాట కలపడం నేర్చుకోండి. తెల్లవారుజామున ఫిషింగ్ హార్బరులో చేపల వేలంపాట జరిగే సమయానికి వెళ్లండి. ప్రశ్నల కాగితం మొదటిరోజే తీయకండి. 2021లో తంతడి తీరంలో తిమింగల సొరచేప ఒడ్డుకు వస్తే మళ్లీ సముద్రంలోకి పంపగలిగారు. అలాంటి వార్త అటవీశాఖకు ముందు అందేది ఒడ్డున ఉన్న మనుషుల నుంచే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధంలో బోట్లు ఒడ్డున ఉంటాయి, మనుషులకు కాస్త తీరిక ఉంటుంది. ఇంటర్వ్యూలు చేయాలంటే అదే మంచి సమయం.

ఉద్యోగాల గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. పీజీ అవగానే పర్మినెంట్ ఉద్యోగం అనుకుంటే నిరాశ తప్పదు. మొదటి కొన్నేళ్లు ప్రాజెక్టు ఉద్యోగాలే: ఎన్ఐఓ, సీఎంఎఫ్ఆర్ఐ, చెన్నైలోని తీర పరిశోధన సంస్థలు, యూనివర్సిటీ ప్రాజెక్టులు. ప్రాజెక్టు ముగిస్తే ఉద్యోగం ముగిసినట్టే. సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) కొడితే పరిస్థితి మారిపోతుంది, 2023 నుంచి ఫెలోషిప్ నెలకు 37,000, ఇంటి అద్దె భత్యం అదనం. లైఫ్ సైన్సెస్‌లో పోటీ విపరీతం. ఓషనోగ్రఫీ వైపు వెళ్లేవాళ్లు ఎర్త్ సైన్సెస్ పేపర్ రాయొచ్చు. గేట్‌లో ఎకాలజీ అండ్ ఎవల్యూషన్ పేపర్ ఉందని మన పిల్లల్లో చాలామందికి తెలియదు. సీఆర్‌జెడ్, పర్యావరణ ప్రభావ నివేదికలు తయారుచేసే కన్సల్టెన్సీలు కూడా మెరైన్ బయాలజీ వాళ్లను తీసుకుంటాయి, జీతం కాస్త మెరుగు. అక్కడ ఒక హెచ్చరిక: ఎవరు డబ్బిస్తే వాళ్లకు నచ్చేలా రాయమనే ఒత్తిడి ఉంటుంది. మీరు చూడని చోట మీ పేరుతో సంతకం పెట్టకండి. మత్స్యశాఖ ఉద్యోగాలకు చాలావాటికి బీఎఫ్ఎస్సీ అర్హత అడుగుతారు, కాబట్టి దాని మీద ఆశ పెట్టుకుని ఈ పీజీలో చేరొద్దు.

ఇంట్లోవాళ్ల బీఈడీ మాట తీసిపారేయకండి. వాళ్ల టెన్షన్ నిజమైనదే. పీజీ తర్వాత కూడా బీఈడీ చేయొచ్చు, ఆ తలుపు మూసుకుపోదని వాళ్లకు చెప్పండి. "రెండేళ్లు ఇవ్వండి, ఆ లోపు నెట్ రెండుసార్లు రాస్తాను" అని లెక్కగా మాట్లాడితే ఒప్పుకునే అవకాశం ఎక్కువ.

పీజీసెట్ లోపు మీ చేతిలో కొన్ని నెలలున్నాయి. ఆటుపోట్ల పట్టిక ఒకటి సంపాదించండి. మన దగ్గర పోటుకూ ఆటుకూ తేడా అమావాస్య, పౌర్ణమి రోజుల్లో కూడా ఒకటిన్నర మీటర్ల చుట్టుపక్కలే, కాబట్టి రాళ్లు బయటపడే సమయం కొద్దిసేపే. తెన్నేటి పార్కు కిందో, రుషికొండ పక్కనో, మంగమారిపేట దగ్గరో ఒక రాతి తీరం ఎంచుకుని, అర మీటరు చదరపు ఫ్రేమ్ ఒకటి పీవీసీ పైపుతో చేయించుకుని, నెలకోసారి అదే చోట పెట్టి ఫొటో తీసి, ఏమేం ఉన్నాయో లెక్క రాయండి. ఒంటరిగా వెళ్లొద్దు, నాచు మీద కాలు జారితే ప్రమాదం. ఏదీ పీకి ఇంటికి తేవొద్దు. ఆ నోటుబుక్కు తీసుకుని ఏ విభాగంలో ఏ ప్రొఫెసర్‌ని కలిసినా, మార్కుల లిస్టు కంటే ముందు దాన్నే తెరుస్తారు. డిసర్టేషన్ కోసం సంస్థలకు ఉత్తరం రాసేటప్పుడు కూడా "నాకు సముద్రమంటే ఇష్టం" అని మొదలుపెట్టకుండా, ఆ లెక్కల్లో మీకు అర్థంకాని ఒక ప్రశ్నతో మొదలుపెట్టండి. మూడో సెమిస్టర్ మొదట్లోనే రాయాలి, నాలుగో సెమిస్టర్‌కి సీట్లు నిండిపోతాయి.